ఏటారు అంకెయు, విశ్వవిద్యాలయ ద్వారమును

ఆస్ట్రేలియాకు వలసవచ్చి మెల్‌బోర్న్ పడమటి శివారులలోనో సిడ్నీ వాయవ్య భాగముననో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పెద్దబిడ్డ పదునొకండవ తరగతిలో ప్రవేశించినది మొదలు పండ్రెండవ తరగతి ఫలితములు వెలువడు డిసెంబరు నడిమి దినముల వరకును, రాత్రి భోజనమువేళ మాటలు వానతో ఆరంభమైనను వంటతో ఆరంభమైనను తుదకు చేరు తావు ఒక్కటియే. అది ఏటారు. ఆస్ట్రేలియన్ టెర్షియరీ అడ్మిషన్ ర్యాంక్ అను దీర్ఘనామమునకు పిల్లలు పలుకు పొట్టిపేరిది. దీనిని గూర్చి తల్లిదండ్రులు పడు ఆందోళనలో సగపాలు ఆ అంకె స్వభావము నెరుగకపోవుటవలన పుట్టినది. మిగిలిన సగపాలు, ఎరిగియు దానిని మనదేశపు ర్యాంకుల కన్నులతోనే చూచుటవలన పుట్టినది. మొదటిదానిని తొలగించుట సులభము. రెండవది మొండిది, దానికి కొంత ఓపిక కావలెను.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఎంసెట్ వ్రాసి, ఆ ర్యాంకుతో ఇంజనీరింగు కళాశాలలో చేరి, ఆ చదువుతో సాఫ్ట్‌వేరు ఉద్యోగము సంపాదించి ఈ దేశమునకు వచ్చిన తండ్రికి ర్యాంకనగా ఒకటి నుండి లక్షల వరకు సాగు వరుస. అందు అంకె యెంత చిన్నదైన అంత ఘనత. ఆ వరుసలో నిలుచువారందరును ఆ పరీక్ష వ్రాసినవారే. వ్రాసిన విషయములును అందరికి అవియే. ఏటారునందు ఈ లక్షణములలో ఒక్కటియు లేదు. ఇందు అంకె పెరిగినకొలది స్థానము పెరుగును. పిల్లలు చదువు సబ్జెక్టులు ఒక్కొక్కరివి ఒక్కొక్క కూర్పు. అన్నిటికంటె ముఖ్యముగా, పోలిక పరీక్ష వ్రాసినవారితో మాత్రమే కాక ఆ రాష్ట్రమున ఆ యీడు యువజనులందరితోను జరుగును. బడి మధ్యలో మాని వడ్రంగమునకో కరెంటు పనికో అప్రెంటిసుగా చేరిన పిల్లవాడును ఆ లెక్కలోనివాడే. కావున 80.00 వచ్చిన పిల్ల తన యీడువారి పైవరుసలోని ఇరువది శాతమునందున్నదని అర్థము. చదువునందు వెనుకబడిన వారిలో అనేకులు ఏటారు పొందకయే బడి విడుతురు గనుక, పొందినవారి నడిమి అంకె యాబది కాక ఇంచుమించుగా 70 దగ్గర నిలుచును. కుమారునికి 70 వచ్చినదని విని "డెబ్బై మార్కులేనా?" అని నిట్టూర్చు తల్లి, వాడు ఈడుజోడువారిలో నూటికి డెబ్బదిమందిని దాటి నిలిచినాడన్న సంగతి గుర్తింపక, ఆ పూట వానిని అన్యాయముగా నొప్పించుచున్నది.

అంకె 0.05 చొప్పున మెట్లుగా పెరుగుచు 99.95తో ఆగును. నూరన్నది లేదు, ఏలయన శిఖరమునందలి 0.05 శాతమువారికి ఆ మెట్టు యొక్క అడుగు అంకెయే బిరుదుగా నిచ్చెదరు. ప్రతియేటను పెద్ద రాష్ట్రములలో కొలది పదులమందికి మాత్రమే లభించు ఈ 99.95 మరునాటి పత్రికలలో బొమ్మలతో ప్రకటింపబడుటయు, ఆ బొమ్మలలో మన పిల్లలు తరచుగ కనబడుటయు, అవి వాట్సాప్ గుంపులలో సంచరించుటయు, తక్కిన గృహములలో ఆ సాయంకాలపు శాంతికి కొంత భంగము కలిగించుటయు లోకవిదితమే. ఈ పద్ధతి న్యూ సౌత్ వేల్సు, రాజధాని కాన్‌బెర్రా ప్రాంతములలో 2009లోను, మరుసటియేడు తక్కిన రాష్ట్రములలో పెక్కింటను ప్రవేశించినది. అంతకుమున్ను సిడ్నీలో యూఏఐ యనియు మెల్‌బోర్నులో ఎంటర్ అనియు వేరువేరు పేర్లుండెడివి. క్వీన్స్‌లాండు మాత్రము ఒకటి నుండి ఇరువదియైదు వరకు గల తన ఓపీ పద్ధతిని 2019 వరకు విడువలేదు. ఇప్పుడు ఒక రాష్ట్రమున వచ్చిన ఏటారు ఇంకొక రాష్ట్రమున సమానవిలువతో చెల్లును.

ఈ అంకె యెట్లు తయారగునో విక్టోరియాను ఉదాహరణముగ గైకొని చెప్పెదను. విద్యార్థి చదివిన ప్రతి సబ్జెక్టునకును 50కి మించని స్టడీ స్కోరు ఒకటి యిత్తురు. ఆ సబ్జెక్టు చదివినవారందరి సగటు 30గా నుండునట్లు దీనిని కూర్చెదరు; మూడింట రెండువంతులమంది 23కును 37కును నడుమ పడుదురు. కావున ఇదియును మార్కు కాదు, స్థానమే. ఈ స్కోర్లను వీటాక్ అను ప్రవేశసంస్థ స్కేలింగు చేసి, ఇంగ్లీషు సబ్జెక్టు స్కోరు నొకదానిని తప్పనిసరిగ గైకొని, దానికి తక్కినవానిలో మేలైన మూడింటిని చేర్చి, అయిదవ ఆరవ సబ్జెక్టులలో పదవవంతు చొప్పున మాత్రము కలిపి, వచ్చిన మొత్తమును బట్టి వరుస నిర్ణయించును. న్యూ సౌత్ వేల్సులో పది యూనిట్ల లెక్క. అందును ఇంగ్లీషు రెండు యూనిట్లు తప్పవు. క్వీన్స్‌లాండులో ఇంగ్లీషు కృతార్థత కావలెను గాని దాని స్కోరు మొత్తమునందు చేరితీరవలెనన్న నియమము లేదు. లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొనుటయే చదువని నమ్ముచు, ఇంగ్లీషు వ్యాసములను వారాంతమున మిగిలిన సమయమునకు త్రోసిపుచ్చు గృహములకు ఈ ఒక్క నియమము చాలు, పద్ధతి మార్చుకొనుటకు. అయిదవ ఆరవ సబ్జెక్టులకు పదవవంతే దక్కు చోట, నాలుగింటిలో మొదటిదిగ కూర్చుండునది ఇంగ్లీషు.

బడిలో సంవత్సరము పొడుగున జరుగు పరీక్షలను గూర్చియు ఒకమాట. విక్టోరియాలో పిల్లలు శాక్ అని పిలుచు ఈ అంతర్గత పరీక్షల మార్కులు యథాతథముగ చెల్లవు. ఆ బడి పిల్లలందరును తుదిపరీక్షలో ఎట్లు వ్రాసిరో చూచి, దానికి సరిపోవునట్లు ఆ మార్కులను సవరింతురు; బడిలోని వరుస నిలుచును, మార్కుల మట్టము మారును. దీని ఫలితము చిత్రమైనది. మీ అమ్మాయి తన ప్రక్కబల్లపై కూర్చున్న పిల్లకు రసాయనశాస్త్రమున సందేహము తీర్చినచో, ఆ పిల్ల తుదిపరీక్షలో బాగుగ వ్రాసినచో, బడి మొత్తపు మట్టము పెరిగి ఆ లాభములో కొంత మీ అమ్మాయికే తిరిగి వచ్చును. రెసిడెన్షియల్ కళాశాలలో సెక్షనులవారీగ విడదీయబడి, నోట్సును దిండుక్రింద దాచుకొని చదివిన తండ్రులకు ఇది నమ్మశక్యము కాదు. అయినను లెక్క అట్లున్నది. ప్రతిభావంతులైన పిల్లలు కూడి చదువుకొనుట ఇచ్చట ఔదార్యము మాత్రమే కాదు, వివేకము కూడ.

ఇక స్కేలింగు. తెలుగు సంఘముల ఉగాది సభలలో భోజనపంక్తివద్ద దీనినిగూర్చి వినవచ్చు అభిప్రాయములను కూర్చిన ఒక పురాణమగును. స్పెషలిస్టు మ్యాథ్స్ గైకొన్నచో స్కోరు పెరుగుననియు, జనరల్ మ్యాథ్స్ గైకొన్నచో తరుగుననియు, ఫలానివారి అబ్బాయి ఫలాని సబ్జెక్టు వలననే గట్టెక్కినాడనియు, కనుక మనవాడును అవియే గైకొనవలెననియు చెప్పుదురు. ఇందు వాస్తవము కొంత లేకపోలేదు: స్పెషలిస్టు మ్యాథ్స్ స్కోర్లు పైకి జరుగుటయు జనరల్ మ్యాథ్స్ స్కోర్లు క్రిందికి జరుగుటయు ప్రతియేటను చూచుచున్నదే. కాని కారణము వారనుకొన్నది కాదు. స్కేలింగు సబ్జెక్టు యొక్క కాఠిన్యమునకు ఇచ్చు బహుమానము కాదు. ఆ సబ్జెక్టును ఎన్నుకొన్న విద్యార్థులు తమ తక్కిన సబ్జెక్టులలో ఎట్టి స్కోర్లు తెచ్చుకొనిరో, దానినిబట్టి ఆ సబ్జెక్టులోని పోటీ యెంత బలవత్తరమో నిర్ణయించి చేయు సవరణ. అన్ని సబ్జెక్టులలోను అగ్రగణ్యులైన పిల్లలే స్పెషలిస్టు మ్యాథ్స్‌లో గుమిగూడుచున్నారు గనుక వారి నడుమ 30 తెచ్చుకొనుట ఇంకొకచోట 30 తెచ్చుకొనుటకంటె గడ్డు. ఆ గడ్డుతనమును సవరణ సరిచేయును. అంతకుమించి అది ఏమియు నీయదు. ఆ గుంపులో మీ పిల్లవాడు నడుమ నిలువగలిగినచో వానికి న్యాయము జరుగును. అడుగున పడినచో, సవరణ తరువాతను అడుగుననే యుండును. పైపెచ్చు ఆ ఒక్క సబ్జెక్టుతో కుస్తీపట్టుటలో వ్యయమైన రాత్రులు తక్కిన మూడు సబ్జెక్టుల నుండి అపహరింపబడినవే.

ఈ నియమమునకు బాహాటమైన మినహాయింపు విక్టోరియాలో భాషలకు గలదు. ఇంగ్లీషుగాక ఇతరభాషలు చదువువారిని ప్రోత్సహించుటకై ఆ సబ్జెక్టుల సగటును అయిదువరకు పెంచుట ప్రభుత్వవిధానము. పిల్లవానికి ఏదైన భాషయందు నిజముగ అభిరుచి గలిగినచో దీనిని సంతోషముగ స్వీకరింపవచ్చును. అభిరుచి లేని భాషను అయిదింటికై మెడకు కట్టిన, రెండేండ్లు అది కూడ బరువే.

సబ్జెక్టుల యెన్నికలో స్కేలింగునకంటె వేయిరెట్లు జాగ్రత్తగ చూడదగినది ఇంకొకటి కలదు, దానినిగూర్చి పంక్తిభోజనముల వద్ద ఎవరును మాటలాడరు. అవి కోర్సుల ముందస్తు అర్హతలు. మెల్‌బోర్న్ ప్రాంతపు ఇంజనీరింగు కోర్సులలో మిక్కిలి భాగము మ్యాథమెటికల్ మెథడ్స్ అను సబ్జెక్టు నడుగును. వైద్యమునకు రసాయనశాస్త్రము అడుగు విశ్వవిద్యాలయములు కలవు. ఇంగ్లీషులో ఇంత స్టడీ స్కోరు రావలెనని ఇంచుమించుగ ప్రతికోర్సును శాసించును. ముందస్తు అర్హత లేనివానికి 99 వచ్చినను ఆ తలుపు తెరువబడదు. ఈ నిర్ణయము జరుగునది పండ్రెండవ తరగతిలో కాదు. పదవ తరగతి నడుమ, పిల్లవానికి పదునైదు పదునారేండ్ల వయస్సున, బడివారు పంపు ఒక ఎన్నిక పత్రముమీద. ఆ పత్రము ఇంటికి వచ్చిననాడు తండ్రి ఆఫీసునుండి ఒక గంట ముందుగ రావలెను. కోరిన కోర్సు ఏదో ఇంకను తెలియనిచో, అధికమైన తలుపులు తెరచియుంచు కూర్పును గైకొనుట మంచిది. మెథడ్స్ మోయగల పిల్లవాడు దానిని విడుచుట తొందరపాటు.

కటాఫ్ అని మనము వాడు మాటకు ఇచ్చటి అధికారిక నామము లోయెస్టు సెలెక్షన్ ర్యాంకు. గతసంవత్సరము ఆ కోర్సులో సీటు పొందినవారిలో కడపటివాని స్థానమది. ఇది ముందుగ ఎవరో విజ్ఞులు కూర్చుండి, ఈ శాస్త్రమునకు ఇంత మేధస్సు కావలెనని నిశ్చయించి పెట్టిన కొలమానము కాదు. ఉన్న సీట్లెన్ని, అడిగినవారెందరు, వారి స్థానములెట్టివి అన్న మూడింటి కలయికవలన తనంత తాను ఏర్పడిన అంకె. వరలక్ష్మీవ్రతమునాటి శుక్రవారము మల్లెపూల మూర రెట్టింపు ధర పలుకుట పూవుల పరిమళము పెరిగినందున కాదు గదా. ఎనుబదిమంది పట్టు ఫిజియోథెరపీ తరగతికి వేలమంది అడిగినచో దాని అంకె ఆకాశమంటును. భౌతికశాస్త్రపు బీఎస్సీ, దానికంటె వేయిమడుగులు కఠినమైనదైనను, తరగతి పెద్దది గనుక చాల దిగువన నిలుచును. బ్యాచులర్ ఆఫ్ సైన్సు కటాఫ్ తక్కువయని దానిని సులభమైన చదువనుకొని చేరి, తొలి సెమిస్టరులోనే క్వాంటం సిద్ధాంతముతో తలపడిన పిల్లలకు ఈ భేదము బాగుగ తెలియును.

అంతియే కాదు, ప్రకటింపబడిన ఆ అంకె అన్నివేళల యథార్థమును కాదు. విశ్వవిద్యాలయములు తమ ప్రతిష్ఠకై ఉన్నతమైన కటాఫును ప్రకటించుచునే, అంతకు దిగువనున్నవారిని అనేకులను వేరుమార్గములలో చేర్చుకొనుచున్నవని 2016 ఆరంభమున సిడ్నీ పత్రికలు బయటపెట్టినవి; ఆ యేడే ఉన్నతవిద్యా ప్రమాణముల సంఘము ప్రవేశవిధానము పారదర్శకము కావలెనని ప్రభుత్వమునకు సిఫారసులు చేసినది. దానివలన ఇప్పుడు మనకు కలిగిన లాభమేమనగా, ప్రతికోర్సునకును కడపటి స్థానము, నడిమి స్థానము, సవరణపాయింట్లు (వీనినిగూర్చి క్రింద చెప్పెదను) చేర్చకముందు అంకె, చేర్చిన తరువాతి అంకె, ఏటారుతో సంబంధము లేకయే చేరినవారి పాలు — ఇవి విశ్వవిద్యాలయపు పేజీలలో ప్రత్యేకముగ లభించుచున్నవి. కడపటి అంకెను మాత్రమే చూచి గుండె జారవిడుచుకొనువారు నడిమి అంకెను, సవరణలతోడి అంకెను కూడ చూచినచో అనేక సందర్భములలో ధైర్యము కలుగును. కొన్ని సందర్భములలో ధైర్యము పోవును. రెండును మేలే.

ఇప్పుడు ఆ మొండి సగమునకు వచ్చెదను. 98 తెచ్చుకొన్న పిల్ల ఉపాధ్యాయురాలిని కాదలచితిననిన, ఆ యింట నాలుగు దినములు పొయ్యి వెలిగినను ఎవరికిని అన్నము సహింపదు. "తొంభైఎనిమిది తెచ్చుకుని టీచరుద్యోగమా అమ్మా? ఆ ర్యాంకంతా వృథా అయిపోదూ?" అని తండ్రి వేదన. టీచింగు కోర్సునకు అంతకంటె చాల తక్కువ అంకె చాలును గనుక, ఆ నడుమనున్న అంతరమును పారవేసినట్లు ఆయనకు తోచుచున్నది. ర్యాంకొక ధనమనియు, దానితో కొనదగిన అన్నిటిలోను ఖరీదైన వస్తువునే కొనవలెననియు, చిల్లర మిగిలినచో మోసపోయినట్లేననియు ఆయన భావము. ఈ భావమును నేను పరిహసింపను. అది పుట్టిన నేల వేరు. మన రాష్ట్రములలో ప్రభుత్వ కళాశాలలలోని మంచి సీట్లు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. ర్యాంకును దానితో దొరకు మేలైన బ్రాంచితో మార్చుకొనని యువకుడు మరల జీవితమున అట్టి మారకమునకు నోచుకొనకపోవచ్చును. కంప్యూటరు సైన్సు తరువాత ఎలక్ట్రానిక్సు, దాని తరువాత ఎలక్ట్రికల్ అని ఏర్పడిన వరుసక్రమమున, ఐదువందల ర్యాంకుతో సివిల్ ఇంజనీరింగు నడిగినవానిని కౌన్సెలింగు హాలులోనివారు జాలితో చూచిరి. ఆ యెద్దడిలో పెరిగిన బుద్ధి అది, అచ్చట అది బుద్ధియే.

ఇచ్చటి పరిస్థితి అది కాదు. 2012 నుండి 2017 వరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయములు వైద్యముదప్ప తక్కిన డిగ్రీ కోర్సులలో తామెందరిని చేర్చుకొనిన అందరికిని కేంద్రము ద్రవ్యసాహాయ్యము చేసినది. పిదప పరిమితులు వచ్చినను ఆ విస్తృతి మిగిలియే యున్నది. నిజమైన ఎద్దడి వైద్యము, దంతవైద్యము, ఫిజియోథెరపీ, కొన్ని న్యాయశాస్త్ర కోర్సులు మున్నగు కొలది తావులలోనే కలదు. ఇంజనీర్ల వృత్తిసంఘమైన ఇంజనీర్సు ఆస్ట్రేలియా గుర్తింపు గల డిగ్రీ 70తో చేరిన విశ్వవిద్యాలయమునందైనను 95తో చేరిన విశ్వవిద్యాలయమునందైనను వృత్తిప్రవేశమునకు ఒక్కటే గుర్తింపు. నర్సులు, ఉపాధ్యాయులు, ఎలక్ట్రీషియనులు గౌరవముగ సంసారము గడుపుకొను దేశమిది. ఏ వృత్తినుండి ఏ వృత్తికి జీతముల అంతరమెంతయో లెక్కించి భయపడు అవసరము మనకు మనవూరిలో ఉన్నంత ఇచ్చట లేదు. మరియు కావలసినదానికంటె మిక్కిలి ర్యాంకుతో చేరినవాడు నష్టపోవుటయు లేదు: అట్టివారికి స్కాలర్‌షిప్పు లిచ్చి ఆహ్వానించు విశ్వవిద్యాలయములనేకము. ఆ 98తో ఆమె కోరిన తలుపు నిస్సంశయముగ తెరువబడినది. ర్యాంకునకు అంతకుమించిన ప్రయోజనము మొదటినుండియు లేదు.

వృథాయను మాట నిజముగ చెల్లునది దీనికి విపర్యాసమున: 99 వచ్చినందున, అది వచ్చినదన్న ఒక్క కారణమునకే, రక్తము చూచిన కన్నులు తిరుగు పిల్లను వైద్యమునకు పంపుట. ఇట్టిది జరుగగా అనేకచోట్ల చూచితిమి. ఆ పిల్ల రెండవ సంవత్సరమున కోర్సు విడిచినచో అందరికిని తెలియును. విడువక ముగించి, నలుబది యేండ్లు ఇష్టములేని పనిలో మర్యాదగ జీవించినచో ఎవరికిని తెలియదు.

వైద్యమును మనసార కోరు పిల్లలు ఎరుగవలసినవి వేరు. బడినుండి నేరుగ చేర్చుకొను మోనాష్ వంటి విశ్వవిద్యాలయములు ఏటారుతోపాటు యూక్యాట్ అను పరీక్షను, పలు చిన్నభాగములుగల ఇంటర్వ్యూను కోరును. 2019లో పాత యుమ్యాట్ స్థానమున వచ్చిన ఈ యూక్యాట్ జులై ఆగస్టు మాసములలోనే, అనగా తుదిపరీక్షలకు ముందే జరుగును. పేరు నమోదు చేయు గడువు అంతకంటె ముందే ముగియును. గడువు దాటిన తరువాత 99.95 వచ్చినను ఆ యేటికి ఆ మార్గము మూసినట్లే. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యము 2011 నుండి డిగ్రీ తరువాతి చదువు. అచ్చటి ఎంపికకు సాధారణ మార్గము డిగ్రీలోని సగటు, గ్యామ్‌శాట్ పరీక్ష, ఇంటర్వ్యూ. బడిలో వచ్చిన 92 ఆ మార్గమునకు అడ్డురాదు. పదునెనిమిదేండ్లకే వైద్యపు తలుపు శాశ్వతముగ మూతపడునన్న భయము మనదేశమునుండి మనము మోసికొని వచ్చిన సామానులలోనిది.

సెలెక్షన్ ర్యాంకనునది ఏటారు ఒక్కటే కాదని పైన సూచించితిని. ఆర్థికమైన ఇక్కట్లు, దీర్ఘవ్యాధి, కుటుంబమున సంభవించిన ఆపద, దూరపు పల్లెలలో నివాసము మున్నగువానిచే చదువు కుంటుపడిన విద్యార్థులకు విక్టోరియాలో సియాస్ అనియు న్యూ సౌత్ వేల్సులో ఈఏఎస్ అనియు పిలువబడు పథకములద్వారా విశ్వవిద్యాలయములు కొన్ని పాయింట్లు చేర్చి చూచును. ఏటారు మారదు, ఆ కోర్సునకు మాత్రము స్థానము పెరుగును. కొన్ని కోర్సులకు సంబంధించిన సబ్జెక్టులు చదివినందుకును ఇట్టి సవరణ కలదు. మనవారు ఈ దరఖాస్తులను వ్రాయుటకు వెనుకాడుదురు. తాత మరణించిన యేడో, తండ్రి ఉద్యోగము పోయిన యేడో పిల్లవాడు పడిన బాధను కాగితముపై పెట్టుట పరువు తక్కువయనుకొందురు. ఇది భిక్ష కాదు; నియమములలో వ్రాసియున్న హక్కు. దరఖాస్తు చేయనివానికి ఎవరును పిలిచి ఇయ్యరు, విక్టోరియాలో గడువు ఫలితములకు చాలముందే ముగియును.

ప్రిఫరెన్సుల వరుస, అనగా కోరిన కోర్సుల పట్టిక, వ్రాయుట అత్యంతసులభము, అయినను ఇందే ఎక్కువ పొరపాట్లు. వీటాక్ పత్రమున ఎనిమిది కోర్సులవరకును, సిడ్నీలోని ప్రవేశసంస్థయైన యూఏసీ పత్రమున అయిదింటివరకును వరుసగ వ్రాయవచ్చును. యంత్రము పైనుండి క్రిందికి చూచుచు, మీకు అర్హత గల మొట్టమొదటి కోర్సువద్ద ఆగి దానిని ఇచ్చును. హైదరాబాదులో వెబ్ ఆప్షన్లు పెట్టిన అనుభవము గలవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. దీనినుండి తేలునదేమి? మీరు నిజముగ కోరిన క్రమముననే వ్రాయవలెను. రానిదానిని పైన వ్రాసినందున క్రిందిదానికి హాని లేదు. వచ్చుదానిని భద్రతకై పైన వ్రాసినచో మాత్రము, దానిక్రింద మీరు మిక్కిలి ప్రేమించిన కోర్సునకు అర్హత కలిగియుండియు దానిని పోగొట్టుకొందురు. వరుస అడుగున, మీ అంచనా తప్పినను తప్పక వచ్చునట్టి కోర్సునొకదానిని వ్రాయుట మరువరాదు. ఫలితములు వచ్చిన తరువాత వరుసను మార్చుకొనుటకు కొలది దినముల వ్యవధి యిత్తురు. డిసెంబరు సెలవులకు ఇండియా పోవు కుటుంబములు విమానము టికెట్లు కొనుటకుముందు ఆ దినములను క్యాలెండరులో గుర్తించుట మంచిది, విశాఖపట్టణపు పెండ్లిపందిరిలో ఫోనుపై ప్రిఫరెన్సులు మార్చుట కష్టము.

ఏటారుతో సంబంధము లేకయే ప్రవేశమును శాసించు విషయము వీసా. ఆస్ట్రేలియా పౌరులకు ప్రభుత్వసాహాయ్యపు సీటును, 1989లో హెక్స్ అను పేర ఆరంభమైన రుణసౌకర్యమును లభించును. ఉద్యోగము వచ్చి ఆదాయమొక మట్టమునకు చేరినపుడు పన్నుతోపాటు తీర్చుకొనవచ్చును. పర్మనెంటు రెసిడెంటులకు సీటు లభించును గాని సాధారణముగ రుణము లభింపదు. తమ వంతు రుసుమును ఎప్పటికప్పుడు చెల్లింపవలెను. తాత్కాలిక వీసామీదనున్నవారి పిల్లలు, ఇచ్చటనే పండ్రెండేండ్లు చదివి ఇచ్చటి ఏటారునే తెచ్చుకొన్నను, విదేశీ విద్యార్థుల రుసుమునకు లోనగుదురు. పౌరసత్వమునకు దరఖాస్తు చేయుట రేపుమాపని వాయిదావేయు తల్లిదండ్రులు పిల్ల పదవ తరగతి చేరిననాడే ఈ లెక్కను చూచుకొనినచో లక్షల వ్యత్యాసము కనబడును.

అంకె కోరినంత రాని యింటికి చెప్పవలసినది ఇక మిగిలినది. ఆ వారము బంధువుల ఫోనులకు సమాధానమిచ్చుట తల్లిదండ్రుల పని, పిల్లవానిది కాదు. మొదటి విడత ఆఫరుల తరువాతను విడతలుండును; జనవరిలో సీట్లు మిగిలినవి బయటపడును. దగ్గరి కోర్సులో చేరి, మొదటి సంవత్సరమున మంచి సగటు తెచ్చుకొని కోరినదానికి మారుటకు విశ్వవిద్యాలయములు అవకాశమిచ్చుచున్నవి; అప్పుడు చూచునది ఆ సంవత్సరపు మార్కులను, ఏటారు క్రమముగ వెనుకకు జరుగును. ఏటారు మొదటి సంవత్సరపు చదువును కొంతవరకు ముందే సూచించుననియు, శిఖరమువద్ద ఆ సూచన బలమైనదైనను నడిమి అంకెలలో బలహీనమగుననియు ఇచ్చటి పరిశోధకులు చాలకాలముగ ఎరిగినదే. ఒకే ఏటారుతో చేరినవారిలో ప్రభుత్వపాఠశాలల పిల్లలు ప్రైవేటు పాఠశాలలవారికంటె కొంచెము మెరుగుగ చదువుదురని కూడ పలుమారు తేలినది. వృత్తివిద్య నేర్పు టేఫ్ సంస్థలోనో విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలోనో డిప్లొమా ముగించి నేరుగ రెండవ సంవత్సరమున చేరు మార్గము ఇంకొకటి. తరగతులు చిన్నవి, అధ్యాపకులు పేరుపెట్టి పిలుతురు. ఇందు ఒక్కటే జాగ్రత్త: ఆ డిప్లొమాకు ఏ విశ్వవిద్యాలయపు ఏ కోర్సులో, ఎన్ని సబ్జెక్టులకు, ఎంత సగటు వచ్చినచో మినహాయింపు లభించునో, రుసుము కట్టకముందే వ్రాతపూర్వకముగ అడిగి తీసికొనుడు. నోటిమాటగ చెప్పు ఏజెంటు, ఆ కాగితము చూపుమనిన, చూపగలుగునో లేదో అప్పుడే తెలియును.